దక్షిణం వైపు డిష్

వేప్పనపల్లి పక్కనున్న ఆ ఊరికి డిష్ మెకానిక్ యతీశ్ రావడం నెలలో ఇది నాలుగోసారి. మూకండపల్లి నుంచి అంత దూరం బండి తోలుకుని వచ్చేసరికి, కెంపమ్మ ఇంటి మిద్దెమీద డిష్ మళ్లీ తూర్పుకు తిరిగి ఉంది. అతనికి ఒళ్లు మండింది. ఈ ఇంటి నుంచి ఇంకొక్క కంప్లైంటు వస్తే పనిలోకి రానక్కర్లేదని హోసూరు డీలరు పొద్దునే చెప్పి పంపాడు.

డిష్‌ను తానే తిప్పానని కెంపమ్మ దాపరికం లేకుండా ఒప్పుకుంది. ఆమె భర్త సోమప్పకు గుండె ఆపరేషనై నెలన్నర. ఆయన మంచం సరిగ్గా దాని కిందే. యముడి దిక్కుకు నోరు తెరిచిన ఆ పళ్లెం కింద మనిషిని ఎట్లా పడుకోబెట్టేదని ఆమె భయం. డిష్‌ను తూర్పుకు పెట్టే టీవీలో బొమ్మ రప్పించమంది. ఇన్నాళ్లూ చెవిటివాడి ముందు శంఖం ఊదానా అనుకున్నాడు యతీశ్.

పళ్లు కొరుక్కుంటూ మెట్లమీద కూర్చుని మొదటినుంచీ చెప్పాడు. రాకెట్ ఉపగ్రహాన్ని ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తుకు చేర్చి, పక్కకు జోరుగా తోసి వదిలేస్తుంది. భూమి లాగుతూనే ఉంటుంది, అది పడుతూనే ఉంటుంది. ఆ పక్క వేగం వల్ల నేలను తాకకుండా చుట్టూ తిరుగుతుంది. తిరిగేది ఒక్కచోటే ఎట్లుంటుందని కెంపమ్మ అడ్డం తగిలింది. చెప్పలేక అతనికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి కళ్లం గుర్తొచ్చింది.

“రాగులు తొక్కించేటప్పుడు లోపలెద్దు మెల్లిగా, బయటెద్దు బిరబిరా నడుస్తాది కదమ్మా. అయినా రెండూ ఒకేసారి సుట్టు తిరుగుతాయి. లోపలెద్దుకు బయటిది ఎప్పుడూ పక్కనే కనిపిస్తాది. భూమి లోపలెద్దు, అది బయటెద్దు.”

దాని దారి భూమి నడుముమీదుగా పోతుంది, ఆ నడుము మనకు దక్షిణాన ఉంది, అందుకే డిష్ అటే చూడాలని ముగించాడు. కెంపమ్మ తలూపింది. హమ్మయ్య అనుకుని అతను స్పానర్ తీశాడు.

“అయితే అది ఎన్నటికీ తూర్పు పక్కకు రాదా?”

“రాదమ్మా.”

“ఏదో ఒక దినం వస్తాదిలే అనుకుంటి. వద్దులేప్పా, పీకేయి.”

పశువుల కొట్టం మీద పెడతానన్నాడు. వాటివి మాత్రం ప్రాణాలు కావా అంది. తన ఉద్యోగం పోతుందని బతిమాలాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నీకు ఇంకో పని దొరుకుతాదప్పా. మా ఇంటాయన నాకు మళ్లీ యాడ దొరుకుతాడు?”

అంత విడమరిచి చెప్పినందుకు యతీశ్‌కు తన నోటిమీదే కోపం వచ్చింది. కనెక్షన్ ఎందుకు తీసేస్తున్నారో డీలరుకిచ్చే కాగితంలో రాయాలి. ‘ఉపగ్రహం దక్షిణాన ఉంది’ అని రాసి, కింద ఆమె వేలిముద్ర వేయించుకున్నాడు.