బొంగురు గొంతావిడ పేరు

బొంగురు గొంతావిడ పేరు సగం అరిగాక పెద్దమ్మ కాస్త ఆగి ఊపిరి తీసుకుంది. ఇత్తడి రేకును ఎడమ బొటనవేలితో బల్ల అంచుకు అదిమిపట్టి, ఆకురాయిని ముందుకు తోసి, రాలిన రజను ఉఫ్ అని ఊది, మళ్లీ తోసింది.

ఏటా ఇదే తంతు. ఉత్తమ పాప్ గాయని కప్పుకు పోటీపడే ఆడవాళ్లందరి పేర్లూ ముందే చెక్కిపెట్టాలి. ఎవరు గెలిచారో చెక్కేవాళ్లకు కూడా తెలియకూడదని ఆ ఏర్పాటు. సభ జరిగిన మర్నాడు గెలిచినావిడ రేకు కప్పు కింది చెక్కపీటకు ఎక్కుతుంది, తక్కినవి మళ్లీ వాడుకోవడానికి అరిగి నున్నబడతాయి. రేడియోలో బొంగురు గొంతావిడ పాట వస్తే పెద్దమ్మ ఉలి దానంతటదే నడిచేది. ఆవిడేమో ఏటా పోటీకి నిలుస్తుంది, ఏటా ఓడుతుంది. ఓడిన ఆ పేరు ఎదురుగా ఉంటే మనసు చివుక్కుమని పెద్దమ్మకు పని సాగదు. అందుకే ఫలితం వినకుండానే, పొద్దున్నే ముందు ఆ రేకే పట్టేది.

దుకాణం యజమాని కప్పు చంకన పెట్టుకుని తలుపు తోసుకొచ్చాడు.

"పెద్దమ్మా, విన్నావా? నీ బొంగురు గొంతావిడ కొట్టేసింది!"

ఆకురాయి ఆగింది. అతను రేకు చూశాడు. మొహంలో నవ్వు జారిపోయింది.

"ఓరి దేవుడా, అరగదీసేశావా!"

"నాకేం తెలుసు నాయనా? ఈసారి గెలుస్తున్నానని ఆవిడ ఓ మాట చెప్పి పంపొచ్చుగా!"

"వేళాకోళాలు తర్వాత. మధ్యాహ్నానికి కప్పు కోసం మనిషొస్తాడు. మిషన్ మీద పెట్టిస్తా, చిటికెలో పని."

"ఈ పీట మీద మిషన్ అక్షరం ఒక్కటైనా ఉందా?"

"నీ చెయ్యి వణుకుతోందే!"

"ఊరికే కూర్చుంటే వణుకుతుంది. పని చెప్పి చూడు."

అక్షరాల ఎత్తు సరిచూసుకోవడానికి పెద్దమ్మ పీట మీది పాత రేకులు వేళ్లతో తడిమింది. అన్నీ ఆమె చెక్కినవే. మొదట్లో పాప్ పాటకు ఒకటే బహుమతి ఉండేది, దాన్ని మగవాళ్లే పట్టుకుపోయేవారు. ఆడవాళ్లంతా అలిగి వేదిక ఎక్కేది లేదని మొండికేస్తే ఈ కప్పు పుట్టింది. అడుగు వరుసలో ప్రతి పేరు వెనకా ఫలానావారి భార్య అని ఉంటుంది. పైవరుసకు వచ్చేసరికి ఆ తోకలు తెగిపోయాయి. ఒక రేకు ఉత్తదే. ఆ ఏడు ఎవరి పాటా బాగాలేదని పెద్దమనుషులు తేల్చారు. వచ్చే ఏటి నుంచి ఆడామగా కలిపి ఒకే పోటీ అట. ఈ కప్పుకు ఇదే ఆఖరి పేరు.

పెద్దమ్మ భూతద్దం కంటికి దించుకుంది. కొత్త రేకు కోసే వ్యవధి లేదని మిగతా సగం పేరునూ అరగదీసింది. రేకు పలచబడింది, ఉలి గట్టిగా దిగితే చిల్లిపడుతుంది. గీతకో ఊపిరి బిగబట్టి, అక్షరం తర్వాత అక్షరం నింపాదిగా దింపింది. యజమాని గుమ్మంలోకీ లోపలికీ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. గాడుల్లో నల్ల లక్క నింపి తుడిచి, రేకును వెలుతురుకు పట్టి చూసుకుంది. కుదిరింది.

"బిగించుకో నాయనా. కాసేపు నడుం వాలుస్తా."

గోడవారగా ఉన్న బెంచీ మీద ఒరిగింది. యజమాని మరలు బిగించాడు. కప్పును వచ్చిన మనిషికి అప్పజెప్పి, టీ పట్టుకొచ్చి పిలిచాడు. పలకలేదు. భుజం తట్టాడు, ఒళ్లు చల్లబడిపోయి ఉంది. గ్లాసు కింద పెట్టేసి, మనుషుల కోసం వీధిలోకి పరుగెత్తాడు.

ఆమెను మోసుకెళ్లే హడావిడిలో చెప్పులు బల్ల కిందే ఉండిపోయాయి. వాటిలో కాలివేళ్లు నొక్కుకుపోయిన గుంటల్లో ఇత్తడి రజను పచ్చగా మెరుస్తోంది.