నూకరాజు రాసిన బోర్డు

అరవై ఎనిమిది డిసెంబరులో, బెంగాల్లోని రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పట్టపగలు, క్వార్టర్ల లైనంతా చూస్తుండగానే డెబ్బై ఏళ్ల తవిటయ్యను పోలీసు జీపు ఎక్కించారు. ఆయన చేతుల మట్టి ఇంకా ఆరలేదు. చేసిన నేరమేమిటయ్యా అంటే, ఫౌండ్రీ వేడికి ఒళ్లు కాలిపోతూ వచ్చినవాళ్ల పొట్ట మీద తడిమట్టి పట్టీ వేయడం, నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టడం. ముప్పై ఏళ్లుగా అదే వైద్యం.

ఆయనతోపాటు ఒక రేకు బోర్డు కూడా జీపెక్కింది. 'డాక్టర్ తవిటయ్య' అని దాని మీద రాసినవాడు నూకరాజు.

నూకరాజు రైల్వే వర్క్‌షాపు పెయింటరు. ఎవరి మీద గౌరవం కలిగినా, మిగిలిన రంగుతో వాళ్ల పేరు రాసి గుమ్మానికి కొట్టేయడం ఆ పెయింటర్లకు అలవాటు. తన నడుం నొప్పి తగ్గిన సంబరంలో స్టేషను బోర్డులాగా మూడు భాషల్లో రాశాడు. "ఒద్దురా, నాను డాక్టర్నేటి?" అని ముసలాయన మొత్తుకున్నా వినలేదు. ఉత్త తెలుగులో రాసినా బాగుండేది, బెంగాలీ ఇన్‌స్పెక్టరు చదవలేకపోయేవాడు.

రెండోరోజే లాకప్పు చలికి తవిటయ్య ప్రాణం పోయింది.

అప్పట్నుంచి నూకరాజును తవిటయ్య గుమ్మం పక్క గోడ వదల్లేదు. బొగ్గు పొగకు నల్లబడ్డ గోడ మీద బోర్డు ఉన్నంతమేర తెల్లగా మిగిలింది. సున్నం కొడితే ఆరాక మళ్లీ తేలింది. వర్క్‌షాపులో రైలుపెట్టెల మీద నంబర్లు వేస్తుంటే తడిమట్టి వాసన తగిలేది. వీపు వెనక ఎవరో "ఒద్దురా" అన్నట్టుండేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. పాపం, వాడికి అన్నం సయించడం మానేసింది.

పెద్దకర్మ అయిన మర్నాడు తవిటయ్య భార్య సింహాచలమ్మ తొట్టి తోమడం మొదలుపెట్టింది.

"నిన్నూ అట్టుకుపోతారత్తా," అంది పక్కింటి ఎలీసమ్మ.

"నైసెన్సు నేదనే కదా అట్టుకుపోనారు? అదెక్కడిస్తారో అడుగుదాం, రండి."

షిఫ్టు దిగిన మూడొందల మంది సైకిళ్లు నడిపించుకుంటూ ఆమె వెంట ఆరోగ్యాధికారి ఆఫీసుకు నడిచారు. ఆయన కాగితాలన్నీ తిరగేశాడు.

"ఈ వైద్యానికి లైసెన్సిచ్చే అధికారం నాకు లేదు."

"మరెవరికుంది దాదా?" అంది సింహాచలమ్మ, బెంగాలీల తీరులో అన్నా అని పిలుస్తూ.

"ఎవరికీ లేదు. అసలు చట్టమే లేదు."

"ఇచ్చే అదికారం ఎవుడికీ నేదు గానీ, అట్టుకుపోయే అదికారం మాత్రం ఉందేటి?"

జనం గుమ్మంలోకి జరిగారు. అధికారి కాగితాలు మూసేశాడు. "డాక్టరునని బోర్డు పెట్టుకున్నాడమ్మా."

"ఆయన ఎట్టుకోనేదు," అన్నాడు నూకరాజు. జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. "నాను రాసినాను. ఒద్దన్నా ఇన్నేదు. అత్తా, మావని సంపింది నానే."

సింహాచలమ్మ వాడివైపు తిరిగింది. "బోర్డు కొడతన్నప్పుడు మేకు అట్టుకున్నది నానే కదరా. మీ మావని సంపింది నువ్వూ కాదు, నానూ కాదు. తప్పు రాస్తే సెరిపి మల్లీ రాయాల గానీ, తిండి మానేస్తారేటి?"

ఆదివారం పొద్దున్నుంచీ నూకరాజు రాస్తూనే ఉన్నాడు. లైనులోని అరవై గుమ్మాలకూ మూడు భాషల్లో ఒకటే బోర్డు: 'ఇక్కడ డాక్టరు లేడు. మట్టి పట్టీ వేస్తాం.' మగవాళ్లు పాత పీపాలు రెండేసి ముక్కలుగా కోసి గుమ్మానికో తొట్టి పెట్టారు. ఆడవాళ్లు మట్టి తడిపారు.

మధ్యాహ్నం జీపు వచ్చింది.

"ఇవన్నీ ఎవడు రాశాడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నానే," అని నూకరాజు రంగు చేతులు చాపాడు.

"వైద్యం చేసేదెవరు?"

అరవై గుమ్మాల్లోంచి జనం బయటికొచ్చి తమ చేతులూ చాపారు. అన్నిటికీ తడిమట్టే. ఇన్‌స్పెక్టరు ఆ చేతులను చూశాడు, తన ఒక్క జీపును చూసుకున్నాడు. ఆఖరికి నూకరాజును మాత్రం ఎక్కించాడు.

లైను మలుపులో నూకరాజు వెనక్కి చూశాడు. గోడ మీది ఆ తెల్లటి చోట సింహాచలమ్మ కొత్త బోర్డు నిలబెడుతోంది. ఈసారి మేకు పట్టుకుంది ఎలీసమ్మ. జీపు నిండా తడిమట్టి వాసన. "ఒద్దురా" అన్న గొంతు కోసం నూకరాజు చెవి ఒగ్గాడు. అది వినపడలేదు. జీపు వెనక మూడొందల మంది నడిచి వస్తున్న చప్పుడు మాత్రం ఠాణా దాకా వినిపించింది.