మా ‘అవును’ మేమే విప్పాం

మిట్టమధ్యాహ్నం మా కుట్టు షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయాయి. కరెంటు పోలేదు. కోడలి ఫోన్‌లో మా సంఘం పేజీ తెరుచుకోకుండా సున్నాలా గిరగిర తిరుగుతోంది. అందరం మూగి ఆ సున్నానే చూస్తున్నాం. పక్కనే గుండీలు కుట్టే ఆమె ఫోన్‌లో కాంట్రాక్టరు దుకాణం మాత్రం పిలిస్తే పలికినట్టు టక్కున తెరుచుకుంది.

ముప్ఫై ఏళ్లు ఆ కాంట్రాక్టరు కింద కాజాలు కుట్టాను. వాడు పని ఇస్తూ దయ చేస్తున్నట్టు మొహం పెట్టేవాడు. ఆ మొహానికి దండం పెట్టి రెండేళ్ల కిందట నలభై మంది ఆడవాళ్లం బయటపడ్డాం. సొంత పేజీ పెట్టుకుని జనం దగ్గర నేరుగా పని తెచ్చుకుంటున్నాం. పేజీ పోతే మళ్లీ వాడి గుమ్మమే దిక్కు.

"ఫోన్ పాడైందేమోనే," అన్నాను.

"పాడైంది ఫోన్ కాదత్తయ్యా, నెట్ కంపెనీవాడి బుద్ధి. అన్ని పేజీలూ ఒకే వేగంతో నడవాలని రూలుంది. నెట్ న్యూట్రాలిటీ అంటారు. వాడు కోర్టుకెళ్లి దాన్ని ఆపించాడు. ఇప్పుడు సర్కారు కమిషన్ అందర్నీ విచారించి కొత్త రూలు రాస్తుందట. ఈలోగా వాడికి డబ్బు కట్టిన కాంట్రాక్టరు పేజీకి పరుగు, మన పేజీకి పాకుడు!"

కమిషన్ విచారణకి నలభై మందిమీ వెళ్లాం. పేజీ తయారుచేసిపెట్టిన కాలేజీ పిల్లలూ వచ్చారు. కంపెనీ వకీలు లేచాడు. నల్లకోటు ఇస్త్రీ మీదుంది కానీ భుజం కుట్టు వంకర. అంత పెద్దమనిషికి సరైన దర్జీ కూడా దొరకలేదు పాపం.

"పేద మహిళలే మా వైపున్నారు," అన్నాడు. "చూడండి, కుట్టుపనివాళ్ల సంఘం. ఆ రూలు అక్కర్లేదని నలభై మందీ ఫోన్‌లో మాకు అవునన్నారు."

మావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు మాత్రం ఆ అవును ఎక్కడిదో గుర్తొచ్చింది.

మిషన్ మీద కూర్చున్నవాళ్లకి చెయ్యి ఖాళీ ఉండదు. అందుకే ఫోన్లన్నీ నా పక్కన చార్జింగ్‌లో ఉంటాయి, మోగితే నేనే చూస్తాను. నెల కిందట అన్నిటికీ ఒకటే మెసేజీ వచ్చింది. ‘మీకు ఉచిత నెట్ కావాలా? అవును నొక్కండి.’ మూడో తరగతి చదువు నాది, ఉచితం అన్న మాట చక్కగా చదివాను. నలభై ఫోన్లలోనూ నొక్కాను. పుణ్యం మూటగట్టుకుంటున్నాననుకున్నాను. ఎలకకి బోనులో పెట్టే కొబ్బరిముక్క కూడా ఉచితమే కదా!

లేచి నిలబడ్డాను. "ఆ అవును నొక్కింది ఈ వేలు. వీళ్లెవరికీ తెలీదు. తిరిగిచ్చెయ్యండి."

కమిషన్ అధికారి కళ్లజోడు సర్దుకున్నాడు. "అమ్మా, ఒకసారి నమోదైంది వెనక్కి తీసుకునే పద్ధతి లేదు."

"తప్పు కుట్టు పడితే మీ ఇంట్లో చొక్కా పారేస్తారా సారూ? విప్పి మళ్లీ కుడతారు. విప్పండి!"

"ఈ ముసలమ్మని ఎవరు తీసుకొచ్చారు?" అన్నాడు వకీలు.

"నీ లెక్కలో ఆవిడే నలభై మంది కదయ్యా, ఇప్పుడు ఒక్కర్తినే చూసి జడుసుకుంటావేం?" అంది కోడలు. "విప్పండి!"

నలభై గొంతులూ లేచాయి. "విప్పండి! విప్పండి!" పిల్లలు బల్లలు చరిచారు. అధికారి నీళ్లు తాగాడు. నీళ్లు తాగడానికి మాత్రం ఆయనకి పద్ధతి ఉంది.

గొడవ మొదలెట్టింది తనేనని పోలీసులొచ్చి కోడల్ని జబ్బ పట్టుకు లాగారు. వ్యానెక్కుతూ అరిచింది: "అత్తయ్యా, నా మిషన్ మీద చొక్కా సగంలో ఉంది! ఎవరో ఒకళ్లు కాలరు వేసెయ్యండి!"

మేం కదల్లేదు. సంచుల్లోంచి కొలతల చీటీలు తీశాం. మాలో సగం మందికి రాయడం రాదు. గుండీలామె చెయ్యి పట్టుకుని దిద్దించాను. "అవునుకి మూడక్షరాలు. కాదుకి రెండే. తేలిక," అన్నాను. వెనక వైపు ‘కాదు’ అని రాసి, ఒక్కొక్కళ్లం వెళ్లి అధికారి బల్ల మీద పెట్టాం. వకీలు తోసేశాడు. వంగి ఏరి, మళ్లీ పెట్టాం. చివరికి విచారణ వాయిదా వేశారు.

కోడల్ని ఇంకా వదల్లేదు. చొక్కాకి కాలరు నేనే వేశాను. నిన్న చెప్పులు కుట్టేవాళ్లు వచ్చారు, ఇవాళ వడ్రంగులు. వాళ్ల పేజీలూ సున్నాలు చుడుతున్నాయట. షెడ్డులో నేల మీద వరసగా కూర్చోబెట్టి సుద్దముక్క ఇస్తున్నాను.

రెండక్షరాలే కదా. వాయిదా రోజుకి ఊరందరికీ వచ్చేస్తాయి.