తాకొద్దు మాస్టారు

పడవలో డైవింగ్ గైడుగా పనిచేసే అతని అసలు పేరు ఎవరికీ పట్టదు. నీళ్లలో దిగేముందు "పగడాన్ని తాకొద్దు" అని అతను పదేపదే చెబుతాడని, పడవ నడిపే బావ అతనికి తాకొద్దు మాస్టారని పేరు పెట్టాడు. పెట్టింది అక్క మొగుడు కాబట్టి అడ్డం చెప్పడానికి లేదు. అదే స్థిరపడిపోయింది.

ఆ ఉదయం డైవ్‌కి వచ్చినవాళ్లు ముగ్గురు. ఇద్దరు కొత్తగా పెళ్లయిన జంట. మూడో ఆవిడ రిటైరయిన లెక్కల టీచరు. అరవై దాటాక ఈత నేర్చుకుని, రెండేళ్లు తంటాలుపడి డైవింగ్ పరీక్ష గట్టెక్కింది. ప్రవాహంలో దిగడం ఇదే మొదలు.

"ఇక్కడ ఈదక్కర్లేదండి. నీళ్లే మోసుకుపోతాయి. ఎడమపక్క పగడాల వాలు, కుడిపక్క లోతు. వాలుకి రెండు బారల దూరంలో ఉండండి. పడవ మన బుడగల్ని చూసుకుంటూ వెనకాలే వస్తుంది. ఏం జరిగినా పగడాన్ని తాకొద్దు. వేలెడు పెరగడానికి దానికి ఏళ్లు పడుతుంది."

"ఒకటి," అన్నాడు బావ ఇంజను దగ్గర్నుంచి. "ఇంకా ఆరుసార్లు చెబుతాడండి, కంగారుపడకండి."

అతను నవ్వకుండా బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాడు. "ఇలా చేస్తే బాగున్నారా అని అడిగినట్టు. మీరూ ఇలాగే చేస్తే బాగున్నానని చెప్పినట్టు."

"ప్రశ్నకీ జవాబుకీ ఒకటే గుర్తా?" అంది టీచరు. "అదీ సున్నా. మా పిల్లలకి ఈ సంగతి తెలిస్తే ఇక్కడే చేరిపోయేవాళ్లు."

దిగారు. నీళ్లు గాజులా ఉన్నాయి. కింద వాలు ఇంటికప్పులా జారుకుంటూ నీలంలోకి పోతోంది. పసుపు చేపలు, ఊదా కొమ్మలు, బల్లల్లా పరుచుకున్న పగడాలు, అన్నీ రైలు కిటికీలోంచి చూసినట్టు వెనక్కి పోతున్నాయి. జంట ఫొటోలు తీస్తుంటే మాస్టారికి హుషారొచ్చింది. వెనక్కి తిరిగి, చేతులు కట్టుకుని, మఠం వేసుకుని, తన ఇంటి అరుగు మీద కూర్చున్నవాడిలా వాళ్లకేసి చూస్తూ తేలిపోసాగాడు.

ఒకచోట ఆ వాలు మోచేయిలా ముందుకి పొడుచుకొస్తుంది. అక్కడ ప్రవాహం జోరందుకుంటుంది. వందసార్లు చూసిన చోటే. మాస్టారి వీపు మీది సిలిండరు దేనికో కొట్టుకుంది, ఒళ్లు గిర్రున తిరిగింది, చెయ్యి దానంతటది అందినదాన్ని పట్టుకుంది. పెళుసుగా చిన్న చప్పుడు. బండి చక్రమంత పగడం సగానికి విరిగి, బోర్లాపడి, వాలు మీద జారిపోయింది.

జంట అప్పటికే ముందుకి కొట్టుకుపోయారు. సరిగ్గా అప్పుడే టీచరు పక్కనుంచి వచ్చింది. ఆవిడ కాలికి తొడుక్కున్న రబ్బరు ఫిన్ మిగిలిన ముక్క అంచుకి రాసుకుంది. వెనక్కి చూసి, జారుతున్న ముక్కని చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని అతనివైపు తల వంచింది.

ఆవిడ బెదిరిందనుకుని అతను అలవాటుగా సున్నా చుట్టాడు. బాగున్నారా?

ఆవిడ కళ్లు మూసుకుని తెరిచింది. ఊరట పడ్డ మొహం.

రెండు నిమిషాలు పోయాక అతనికి తట్టింది. ఆవిడ క్షమించమని అడిగింది. తప్పు చేసినవాడు తనే క్షమించేశాడు. నడుముకి నీళ్లలో రాసుకునే పలక వేలాడుతూనే ఉంది, పెన్సిలుతో సహా. పైకెళ్లాక చెబుదాంలే అనుకున్నాడు.

పైకొచ్చాక బావ రోజూలాగే నోటుపుస్తకం తీశాడు. పగడం విరిగితే, విరగ్గొట్టినవాళ్ల పేరు అందులో రాసి ఆఫీసులో చూపించాలి. పేరెక్కితే ఆ ఏడాదంతా అక్కడ దిగడానికి లేదు, గైడయినా సరే.

"ఏమైనా విరిగిందా?"

"విరిగింది," అంది టీచరు. "నా కాలు తగిలి. రాయండి."

మాస్టారు తువ్వాలు కింద పిడికిలి బిగించాడు. పగడం గీరిన అరచెయ్యి భగభగ మండుతోంది. తేలు కుట్టిన దొంగ అంటే ఏమిటో అతని ఒంటికి తెలిసింది.

"వీడు సరిగ్గా చెప్పి ఉండడు," అన్నాడు బావ.

"పాపం, అన్నిసార్లు చెప్పారు. పైగా నీళ్లలోనే ఏం ఫరవాలేదన్నారు. ఎంత మంచితనం."

పెళ్లికొడుకు పక్కకి తిరిగి, "ఈ వయసులో ఇవన్నీ ఎందుకో," అన్నాడు. గొంతు తగ్గించాడు గానీ పడవ చిన్నది.

టీచరు ఫిన్స్ తుడిచి సంచిలో పెట్టేసింది. "నిజమే నాయనా. ఇక దిగను." తన డైవింగ్ డైరీ తీసి, పగడం విరగ్గొట్టానని ఒక వాక్యం రాసుకుని మూసేసింది. బావ కలం మూత తీశాడు.

"బావా, ఆ పేరు రాయకు. విరగ్గొట్టింది నేను."

బావ నవ్వాడు. "ఆవిణ్ణి కాపాడటానికా? చాల్లే, కూర్చో."

"వద్దు బాబూ," అంది టీచరు. ఆవిడ కళ్లు చెమర్చాయి. "నా తప్పు మీరెందుకు మోయాలి?"

ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. మంచివాడిగానే మిగిలిపోతాడు. ఆ ఆలోచన ఎంత హాయిగా అనిపించిందో చూసుకుని అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. తువ్వాలు తీసి అరచెయ్యి చాపాడు. అడ్డంగా గీతలు, ఎర్రగా పొంగిన దద్దుర్లు.

టీచరు వంగి ఆ గీతల్ని చూసింది.

"మరి నాకు సున్నా చుట్టావే?" అంది టీచరు. ఆవిడ మీరు అనడం మానేసింది.

"బాగున్నారా అని అడిగానండి."

"నేను వేరేగా అనుకున్నానని ఎప్పుడు తెలిసింది?"

"అక్కడే. రెండు నిమిషాల్లో."

"పలక ఉందిగా నీ దగ్గర."

"ఉందండి."

బావ పుస్తకంలోకి తల దించుకుని, "మీ అక్కకి ఏం చెప్పమంటావు?" అన్నాడు. ఈసారి మాస్టారని అనలేదు. చాలాకాలం తర్వాత అతని అసలు పేరు గుర్తు చేసుకుని, తీరిగ్గా రాశాడు. ఇంజను తిప్పి పడవని ఒడ్డు దారి పట్టించాడు. రెండో డైవ్‌కి తీసుకెళ్లడానికి గైడు లేడు.

"రేపటికి ఇంకో గైడు దొరుకుతాడా?" అని టీచరు బావని అడిగింది.

"చూస్తానండి."

ఆవిడ డైరీ తెరిచి, తను రాసుకున్న వాక్యం కొట్టేసి, కలంతో సహా మాస్టారి ఒళ్లో పెట్టింది. "జరిగింది రాయి."

మండే చేత్తో పట్టుకున్నాడు. పడవ కుదుపుకి అక్షరాలు వంకర్లు పోయాయి. "ఈ రోజు విరిగిన పగడాన్ని విరగ్గొట్టింది" అన్నంతవరకూ బాగానే వచ్చింది. చివరి మాట చిన్నదైపోయి అంచుకి నక్కింది.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"ఆఖరి మాట కనబడటం లేదు. మళ్లీ రాయి."

అతను కింది వరసలో, పెద్దగా, నేను అని రాశాడు.