తమ్ముడి చెయ్యి పడని కాలు

కరోనా జ్వరం దిగింది కానీ నా ఎడమ పిక్క ఉబ్బింది. ముట్టుకుంటే వేడి. చక్కెర జబ్బు నాకు పాతదే, కాళ్లు మండడం అలవాటే. ఇదీ అదే అనుకున్నాను. కుడి కాలు మామూలుగానే ఉంది. ఆ తేడా నేను పట్టించుకోలేదు.

నా భార్య సోలెదాద్ పోయి ఫెర్మీన్‌ను పిలుచుకొచ్చింది. ఫెర్మీన్ నా తమ్ముడు. రియో గ్రాండే నది ఒడ్డున మా మిరప చేల ఊళ్లలో ఒళ్లు రుద్ది బాగుచేసేది వాడే. నడుము పట్టినా, కాలు బెణికినా జనం డాక్టరు కంటే ముందు వాడి గుమ్మం ఎక్కుతారు. నేను ఎక్కను. ఒక ఎండాకాలం నా నీళ్ల వంతు రోజున కాలవ తూము తన చేనికి తిప్పుకున్నాడు. నా మిరప మాడిపోయింది. అప్పటినుంచి మాకు మాటల్లేవు.

పందికొవ్వు డబ్బా పట్టుకొని వచ్చాడు. టోపీ కూడా తీయలేదు.

"ఏం అన్నా, ఇంకా పోలేదా?"

"నిన్ను పంపించి పోదామని ఆగాను."

"కాలు చాపు."

"చాపను."

"చూడు వదినా, కాలు దుంగలా ఉంది, పొగరు మాత్రం దిగలేదు. మంచాన పడి ఉన్నాడు కదా, లోపల ముడి పడింది. గట్టిగా పిసికితే విడిపోతుంది. సాయంత్రానికి లేచి తిరుగుతాడు."

"ఆ నీళ్ల గొడవ ఇంక వదిలెయ్యవయ్యా!" అని సోలెదాద్ నా మీద అరిచింది. "కాలు తీసేస్తే ఆ తూము మీద కూర్చుని ఏడుస్తావా?"

నొప్పికి నాకూ ప్రాణం విసిగింది. చాపుదామనే అనిపించింది. ఇంతలో వాడు కొవ్వు చేతులకు రాసుకుంటూ నవ్వాడు. ఆ నవ్వు చూసి చేతికర్ర అందుకున్నాను.

"నా తూము తిప్పిన చెయ్యి అది. నా ఒంటి మీద పడితే విరగ్గొడతాను."

"అయితే ఆసుపత్రికి పో. మోకాలి దాకా కోసి మీ కుక్కకు వేస్తారు."

"పోతా. నీ చేతుల్లో బాగుపడేకన్నా అదే నయం."

అప్పటిదాకా ఆసుపత్రి మాట నా మనసులో లేదు. సోలెదాద్ ట్రక్కు తీసింది. నన్ను కోస్తుంటే చూడాలని వాడూ తన ట్రక్కులో వెనకే వచ్చాడు.

డాక్టరమ్మ పిక్క మీద ఏదో చల్లటిది పూసి, యంత్రం ఆనించి తెర వైపు చూసింది.

"లోపల రక్తం గడ్డ కట్టింది. చక్కెర ఉన్నవాళ్లకు ఈ వైరస్ సోకితే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. జ్వరం తగ్గాక కూడా రావచ్చు. కాలు ఎవరైనా రుద్దారా?"

"లేదు."

"మంచిది. రుద్దితే గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అప్పుడు మనిషి దక్కడం కష్టం."

ఆమె మందు రాయడానికి బయటికి పోయింది. ఫెర్మీన్ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. టోపీ అప్పుడు తీశాడు.

"అన్నా, తెయోడోరా కాలు కూడా ఇట్లాగే ఉండింది."

తెయోడోరా కాలవ అవతలి ఇంటి ముసలమ్మ. చక్కెర జబ్బు మనిషే. ఇదే జ్వరం. ఉన్నట్టుండి ఊపిరాడక చనిపోయింది. గుండె ఆగిందన్నారు. పాతిపెట్టి వారం కాలేదు.

"రుద్దావా?"

"బాగా రుద్దాను. మర్నాడే పోయింది." తర్వాత గొంతు తగ్గించాడు. "బయట చెప్తావా?"

"ఆమె కొడుక్కి నువ్వే చెప్పు. చెప్పకపోతే నేను చెప్తా. ఈ జ్వరం వచ్చి కాలు వాచినవాళ్లెవరూ నీ గడప తొక్కొద్దని ఇంటింటికీ చెప్తా."

"ఊళ్లో నా పరువు తీస్తావా? కడుపునిండా కుళ్లు నీకు."

"కుళ్లే."

"అన్నవి కాదు, పామువి."

"పామునే. ముందు ఆ ఇంటికి పో."

సోలెదాద్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నర్సు వచ్చి నా చొక్కా పైకెత్తి, రక్తం పలచన చేసే సూది పొట్టలో గుచ్చింది. ఫెర్మీన్ నన్ను తిట్టుకుంటూ మెట్లు దిగాడు. కిటికీలోంచి చూశాను. ట్రక్కులో చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. తర్వాత తన ఇంటి దారి వదిలేసి కాలవ అవతలికి పోయే దారికి బండి తిప్పాడు.