ఎడమకు సాగిన రాతి హోరో

"ఏదో ఒకటి జరిగి తీరుతుందే బిల్యానా! నా మనసు చెబుతోంది," అంది జ్లతీనా, జున్ను పొరల బానిత్స రొట్టె పళ్ళెం మీద గుడ్డ కప్పుతూ.

"ఆకాశంలో మబ్బు తునకైనా లేదమ్మా. నువ్వే ఒకటి పిలిచి తెచ్చేట్టున్నావు," అని నవ్వింది కూతురు.

రెండేళ్ళు రాయి చెక్కింది ఆ పిల్ల. స్లావుల పాటకూ ఆటకూ గుర్తుగా బడి ముందు నిలిపిన శిల్పం అది: చేయీ చేయీ పట్టుకుని, ఒకచోట విడిన వలయంగా హోరో ఆడుతున్న తొమ్మిదిమంది ఆడవాళ్ళు. యుద్ధానికి ముందు ఈ ఊళ్ళోనే తీసిన ఫొటో చూసి చెక్కింది. ఇవాళ స్లావుల లిపిని తలచుకునే అక్షరాల పండుగ, ముసుగు తీస్తారు. ఊరు మెచ్చకపోతే పిల్ల మళ్ళీ ఉలి పట్టదేమోనని జ్లతీనా బెంగ.

ముసుగు జారింది. చప్పట్లు మోగాయి. జ్లతీనా చూపు మాత్రం ముందు నడిచే స్త్రీ రుమాలు దగ్గరే ఆగిపోయింది. రుమాలు ఎడమ చేతిలో ఉంది, అంటే ఆట ఎడమకు సాగుతోంది! హోరో కుడికి సాగాలి. ఎడమకు సాగేది పోయినవాళ్ళ కోసం ఆడేది.

"పండగపూట చావు ఆటేమిటమ్మా!" అంది రొట్టెల కొట్టు పెన్కా, అందరికీ వినపడేలా.

చప్పట్లు ఆగిపోయాయి. బిల్యానా ముఖం పాలిపోయింది. "ఆ ఫొటో గాజు నెగెటివ్‌ను తిరగేసి అచ్చు వేసుంటారమ్మా, కుడి ఎడమైపోయింది. నేను చూసుకోలేదు."

అందరూ చానో తాత వైపు తిరిగారు. యాభై ఏళ్ళుగా ఊరి హోరోకు ముందు నిలిచేది ఆయనే.

"తాతా, తిడితే నన్ను తిట్టు. దీన్ని పీకించేస్తారా?" అంది జ్లతీనా.

ఆయన కర్ర పొడుచుకుంటూ శిల్పం చుట్టూ ఒకసారి తిరిగాడు. మళ్ళీ తిరిగాడు. నాలుగో ఆమె చెంప నిమిరాడు. హోరోకు తిత్తివాద్యం ఊదే అబ్బాయి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. జ్లతీనా అప్పటికే మనసులో శిల్పాన్ని బండికెత్తించి, కూతుర్ని మంచం పట్టించేసింది.

"ఈమె మా అమ్మ," అన్నాడు తాత ఎట్టకేలకు. "వీళ్ళలో ఎవరు బతికున్నారే జ్లతీనా? వాళ్ళ దారిన వాళ్ళను పోనీ. మనం వీళ్ళ చుట్టూ కుడికి ఆడదాం. ఒకే వైపు తిరిగితే వీపులే కదా చూసేది! ఇలాగైతే చుట్టు చుట్టుకీ మా అమ్మ ఎదురొస్తుంది. ఊదరా అబ్బాయ్!"