నా కళ్ళకే బొట్టు పెట్టారు

నేను ఒక దుర్భిణిని. రెండు గొట్టాలు, మధ్యలో తిప్పే చక్రం, మెడలో వేసుకోవడానికి తోలుపట్టీ. దూరాన ఉన్నదాన్ని దగ్గరికి తెచ్చి చూపడం నా పని. నన్ను చేసినవాళ్ళు నోరు మాత్రం పెట్టలేదు. పెట్టి ఉంటే నాకీ తిప్పలు ఉండేవే కావు.

మొదట విశాఖ రేవులో ఓ ఓడ అధికారి దగ్గర ఉన్నాను. ఆయన నాలోంచి సముద్రాన్ని చూసింది తక్కువ, నన్ను మెడలో వేసుకుని ఫొటోలు దిగింది ఎక్కువ. ఆయన పోయాక చేతులు మారి మారి, టైలరింగ్ షాపు నడిపే పానకాలరావు ఇంటికి చేరాను. వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి "మిలిటరీ సరుకు" అని కోతలు కోసేవాడు. నేను మిలిటరీ మొహం ఏనాడూ చూడలేదు.

దసరా వచ్చింది. ఆయుధపూజకు కుట్టుమిషను, మోటారు సైకిలు, గ్రైండరు పక్కన నన్నూ కూర్చోబెట్టారు. బొట్లు పెట్టింది పానకాలరావు తల్లి మాణిక్యమ్మ. అప్పటికామె రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. తడుముకుంటూ వచ్చి, గొట్టాల్లోకి వేలు పెట్టి, నా ముందు అద్దాలు రెండింటికీ మందంగా గంధం పులిమి, పైన కుంకుమ అద్దింది. కళ్ళకే బొట్టు పెడితే నేనేం చూపను తల్లీ! ఆ బొట్లు ఇంట్లో అందరూ చూశారు. ఒక్కరూ తుడవలేదు. పూజ బొట్టు తుడిస్తే అరిష్టమట.

కార్తీకమాసానికి మాణిక్యమ్మకు ఒక కంటి ఆపరేషన్ అయింది. రెండో కంటికి సోమవారం రమ్మన్నారు. ఆమెకు బెరుకు. "ముందు ఈ కన్ను ఎట్టా పనిచేస్తందో చూసుకోవాలిరా. పిట్టలు సరిగ్గా కనపడితేనే రెండోది చేయించుకుంటా" అని తెగేసి చెప్పింది. అందుకని ఆదివారం పులిహోర డబ్బా కట్టుకుని, ఊరి చివర చిత్తడి నేలలో కొత్తగా పెట్టిన పార్కుకు నడకకు బయల్దేరారు. చదునైన దారి, అటూ ఇటూ జమ్ముగడ్డి, దూరంగా నీళ్ళ మధ్య దిబ్బ మీద పక్షులు.

ముందు పానకాలరావు నన్ను కళ్ళకు పెట్టుకున్నాడు. అతనికి కనిపించింది ఎర్రటి మసక. అయినా, "బ్రహ్మాండం! ఈకలు కూడా లెక్కపెట్టొచ్చు!" అన్నాడు. మిలిటరీ సరుకు కదా మరి. తర్వాత భార్య హైమ. కనపడలేదంటే మొగుడు చక్రం తిప్పడం మీద పాఠం మొదలెడతాడని, "ఆఁ, భలే ఉన్నయండీ" అంది. కూతురు జోషితకు ఆకలి. "సూపర్ నాన్నా, ఇంక తిందామా?" అంది. ఎంత చక్కగా అబద్ధాలాడారో చూడండి!

చివరికి మాణిక్యమ్మ వంతు. చాలాసేపు చూసింది. చక్రం అటు తిప్పింది, ఇటు తిప్పింది. నన్ను ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూలబడింది.

"మీ అందరికీ కనపడినయ్యి, నాకే కనపళ్ళా. కన్ను పాడైపోయిందిరా నాయనా. ఇంక రెండోదాని జోలికి పోవద్దు. ఉన్న ఆ కాస్త గుడ్డివెలుగన్నా ఉండనీ."

 పానకాలరావు నిజం ఒప్పుకోడే! ఒరేయ్, నాకూ కనపడలేదమ్మా అని ఒక్క ముక్క చెప్పి చావరా! నా గొట్టాలు పగిలేలా అరవాలనిపించింది. ఏ నోటితో అరవను?

మాణిక్యమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని తలెత్తింది. ఉత్త కళ్ళతోనే దిబ్బ వైపు చూసింది.

"అదుగో! దిబ్బ మీద గూడబాతు. చేపని మింగలేక తంటాలు పడతంది, చూడండే!"

ముగ్గురూ అటు చూశారు. నిజంగానే గూడబాతు మెడ ఎత్తి గింజుకుంటోంది.

"మరి దీంట్లో కనపడదేందిరా?" అని ఆమె కొడుకు వైపు తిరిగింది. "నీకేం కనపడిందో నిజం చెప్పు."

"ఎర్రగా... మబ్బుగా..." అని నసిగాడు.

"నాకూ అంతే అత్తయ్యా" అంది హైమ. జోషిత పులిహోర డబ్బా వైపు చూస్తూ తలూపింది.

మాణిక్యమ్మ నన్ను తిరగేసింది. "ఓరి మీ ఇల్లు బంగారంగానూ! కళ్ళ మీద ఇంత గంధం పులిమింది ఎవరే?"

"మీరే, అత్తయ్యా."

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "అరిష్టమేమో" అని కొడుకు అడ్డుపడబోతే, "దేవుడికి నేను చెప్పుకుంటాలే" అంటూ నా అద్దాల మీద ఊది, కొంగుతో శుభ్రంగా తుడిచింది. మళ్ళీ చూసి, గూడబాతు మొహం మీదికే వచ్చినట్టు ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కుంది.

"సోమవారం పొద్దున్నే బయల్దేరదాంరా" అంది.

ఇప్పుడు నేను షోకేసులో ఉంటున్నాను. మొన్న దసరాకు మాణిక్యమ్మ గంధం గిన్నెతో నా వైపు వస్తుంటే నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆమె నన్ను కిటికీ వెలుతురుకు పట్టి, రెండు కళ్ళతోనూ తేరిపార చూసింది. గొట్టాల మధ్య చక్రం మీద శనగగింజంత బొట్టు పెట్టింది.

"అప్పుడు నీ కళ్ళెక్కడున్నయ్యో నాకు కనపళ్ళేదే" అంది, నాతోనే.

గంధం ఎండి చక్రం కాస్త బిగుసుకుంది. పోనీండి, ఆ మాత్రానికి నేనేమీ అనుకోను.